తొట్టె పక్కన రహీమాబీ

ప్రపంచంలో మతిమరుపుకు మందంటూ దొరికితే, ఆ గొప్పలో సగం జనగామ దగ్గరి ఓ ఫార్మసీ కాలేజీలో ఎలుకల పని చూసే రహీమాబీదే. కూరలో ఉప్పు వేసిందీ లేనిదీ ఆమెకు గుర్తుండదు, అది వేరే సంగతి. అక్కడి జ్ఞాపకశక్తి పరీక్ష ఇదీ: పాలపొడి కలిపిన తొట్టె నీళ్లలో ఎలుకను వదిలితే, నీటి మట్టానికి కాస్త కింద దాచిన పీటను అది గోడమీది గుర్తులను బట్టి వెతుక్కోవాలి. రహీమాబీ రోజూ పీట ఉన్న వైపే స్టూలు వేసుకునేది. ఈదొచ్చిన ఎలుకను ఆకుపచ్చ దుపట్టాతో తుడిచి, "షాబాష్ బేటా" అనేది. ఒకనాడు ఉక్కపోస్తోందని ఫ్యాను కిందికి, ఎదురు వైపుకు జరిగింది. మతిమరుపు తెప్పించిన ఎలుకలు, మంచి ఎలుకలు అన్నీ పీటను వదిలేసి ఆమె దగ్గరికే ఈదాయి.

పరిశోధన చేస్తున్న విజయ మేడం తల పట్టుకుంది. "ఇన్ని దినాలు ఇవి నిన్ను చూసి వస్తున్నయా అమ్మా? నా పనంతా మళ్ల మొదటికొచ్చె. రేపటి సంది లోపలికి రాకు, బయట బోన్లు కడుగు."

ఆ సాయంత్రం రహీమాబీ ముద్ద ముట్టలేదు. మనవరాలు ఇరం మాత్రం అన్నం కలుపుకుంటూ, "దాదీ, ఉప్పు మళ్ల మరిచినవ్. నిన్ను తొట్టెల ఏస్తే పీట దొరుకుతదా?" అంది.

"దొరకకుంటే మునుగుత. అవి నన్ను ఎతుక్కుంట ఈదొచ్చినయ్. నువ్వు ఆకలైతే తప్ప ఎన్నడన్న వచ్చినవా?"