తలుపు తీసే ఉంచమన్న లైబ్రరీ ఆంటీ

మా లైబ్రరీ ఆంటీ మొన్న మంగళవారం పొద్దున పోయారు. నేను సాకేత్‌లో ఆఫీసు మీటింగులో ఉండగా మా ఆయన ఫోన్ చేశారు. "ఆంటీ ఇక లేరు, వచ్చేయ్" అన్నారంతే. నేను లాప్‌టాప్ మూసేసి లేస్తుంటే మేనేజరు ఎవరు పోయారని అడిగాడు. నా పుస్తకాన్ని ఫెయిల్ చేసినావిడ అన్నాను. అతను బిత్తరపోయి చూశాడు. ఆ మాట మీకైనా అర్థం కావాలంటే ఆవిడ గురించి మొదటినుంచీ చెప్పాలి.

దేశ రాజధాని శివార్లలోని ద్వారకలో మా అపార్ట్‌మెంట్ల సొసైటీలో, మా బ్లాకులోనే, రెండో అంతస్తు ఆవిడది. విజయనగరం వైపు మనిషి. అంకుల్ సైన్యంలో పనిచేయడంతో దేశమంతా తిరిగి, చివరికి ఇక్కడి కంటోన్మెంటులో ఒక బడిలో లైబ్రేరియన్‌గా చేరి, అక్కడే రిటైరయ్యారు. రిటైరయ్యాక చేతులు ఊరుకోలేదు. ముందుగదిలో సోఫాలు తీయించేసి పుస్తకాల అరలు పెట్టించారు. ఆదివారం సాయంత్రం అయితే చాలు, చుట్టుపక్కల తెలుగు పిల్లలందరూ అక్కడే. సగంమంది సైన్యంలో వాళ్ళ పిల్లలు, సగంమంది మాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళ పిల్లలు, అందరూ ఒకటి నుంచి ఐదు లోపు తరగతుల వాళ్ళే. ఆంటీ తెలుగులో చదివేవారు, వాళ్ళు హిందీలో అల్లరి చేసేవారు.

పిల్లల పుస్తకాల్లో ఏ భాషలో దేనికి బహుమతి వచ్చినా ఆవిడ తెప్పించేవారు. ఇంగ్లీషువీ హిందీవీ అప్పటికప్పుడు తెలుగు చేసి చదివేవారు. అయితే ఇంటికి రాగానే ప్రతి పుస్తకానికీ పాత న్యూస్‌పేపరుతో అట్ట వేసేసేవారు. ముఖచిత్రంమీద మెరిసే బహుమతి తాలూకు బంగారు ముద్ర పిల్లల కంట పడకూడదు. బహుమతి వచ్చినవీ రానివీ కలిపేసి, ఏది చేతికొస్తే అది చదవడమే. ఆ గదిలో ఇంకో నియమం కూడా ఉండేది. తలుపు బార్లా తీసి ఉంచాలి. విసుగొచ్చిన పిల్ల లేచి వెళ్ళిపోవచ్చు. ఎవరినీ కూర్చోమనకూడదు, ఎక్కడికని అడగకూడదు. ఎవరు ఏ పేజీ దగ్గర లేచి వెళ్ళారో అక్కడ ఆంటీ పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టుకునేవారు. చివరిదాకా ఎవరూ లేవకపోతే ఆ పుస్తకం నెగ్గినట్టు.

ఏడాది చివర్లో అట్టలు విప్పే రోజు చూడాలి! బంగారు ముద్ర ఉన్న పుస్తకాన్ని తాము ఓడించామని తెలిస్తే ఆ పిల్లల గోల ఇంతా అంతా కాదు. అలాగని బహుమతులంటే ఆవిడకు చిన్నచూపు లేదు. తోక పోగొట్టుకున్న బల్లిపిల్ల కథ ఒకటి ఉండేది. దానికి పెద్ద బహుమతే వచ్చింది. మా పిల్లలు దాన్ని చదివించుకుని చదివించుకుని కుట్టు ఊడిపోయేలా చేశారు. ఆంటీ ఆ ముద్ర చూపించి, పెద్దవాళ్ళు కూడా అప్పుడప్పుడూ మీలాగే సరిగ్గా ఆలోచిస్తారర్రా అని వాళ్ళకు చెప్పారు.

ఇక నా సంగతి. నేను మెట్రోలో ఆఫీసుకి వెళ్తూ వస్తూ పిల్లల కథలు రాస్తాను. మొదటి పుస్తకం ఒక నది తన ప్రయాణం గురించి చెప్పుకునే కథ. దానికి బహుమతి వచ్చింది. శాలువా కప్పారు, విలువలున్న రచన అన్నారు, ఫోటో తీశారు. స్వీటు డబ్బా పట్టుకుని ఆంటీ ఇంటికి వెళ్ళాను. ఆవిడ ఒక స్వీటు నోట్లో వేసుకుని, పుస్తకం తిరగేసి, పేపరు అట్ట వేయడానికి కత్తెర వెతుక్కున్నారు.

ఆ ఆదివారం నేను గోడ వారగా కూర్చున్నాను. ఆంటీ బాగానే చదువుతున్నారు. ఆవిడ గొంతులో నా వాక్యాలు నాకే ఎంత బాగున్నాయో! నాలుగో పేజీకి కింద హారన్ మోగింది. సొసైటీకి నీళ్ళ ట్యాంకర్ వచ్చింది. వేసవిలో రోజూ వచ్చేదే, వింతేమీ కాదు. అయినా పిల్లలు ఒకరి తర్వాత ఒకరు లేచి, చెప్పులు వేసుకుని, దాన్ని చూడ్డానికి దిగిపోయారు. గదిలో ఆంటీ, నేను, అవతల గదిలో పేపరు చదువుకునే అంకుల్ మిగిలాం. నా నదిని వదిలేసి ట్యాంకర్ దగ్గరికి పోయారండీ! తలకొట్టేసినట్టయింది.

ఒళ్ళు మండి కొన్నాళ్ళు ఆ మెట్లెక్కలేదు. లిఫ్టులో ఎదురుపడితే ఫోన్ చూసుకునేదాన్ని. మా ఆయన, ఆంటీ మీద అలిగావా, ట్యాంకర్ మీదా అని ఏడిపించేవారు. చివరికి ఆవిడే గిన్నెలో పులిహోర పెట్టుకుని మా ఇంటికొచ్చారు. పుస్తకం తెరిచి టిక్కులన్నీ చూపించారు.

"ఏటమ్మా కోపం? నీ నదిని నువ్వు దూరంనుంచి చూసి రాసీసావు. ట్యాంకర్ కాడ పైపు తీస్తే పిల్లల కాళ్ళు తడుస్తాయి. మరి నీ పుస్తకంలో ఎవలి కాళ్ళు తడిసాయి చెప్పు?"

నేను గిన్నె అందుకుని పులిహోర నోట్లో పెట్టుకున్నాను. ఆవిడ ఆ రోజే మాట తీసుకున్నారు, వచ్చే ఆదివారం నుంచి పుస్తకం పట్టుకోకుండా ఉత్తినే వచ్చి కూర్చోవాలని.

అలా కూర్చుని నేర్చుకున్నాను. కథ అయ్యాక నీతి ఏమిటని ఆవిడ ఒక్కసారీ అడగలేదు. ఒకసారి సొసైటీ పెద్దాయన ఒకరు వచ్చి, ఈ కథవల్ల ఏం తెలుసుకున్నారని పిల్లల్ని అడిగారు. ఆయన మొహం చూసి ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. ఆంటీ ఆయనకు కాఫీ ఇచ్చి, ఆయనకు కూడా తలుపు తీసే ఉందని గుర్తుచేశారు. అక్షరాలు కూడా అంతే, బలవంతం లేదు. అడిగిన పిల్లలకే తెలుగు అక్షరాలు నేర్పేవారు. అడిగినవాళ్ళలో శ్రావ్య అని మూడో తరగతి పిల్ల ఒకతె ఉండేది. అక్షరాలన్నీ వచ్చేసినా నోటినుంచి ఒక్క తెలుగు ముక్క రానిచ్చేది కాదు. వాళ్ళమ్మ మొత్తుకునేది. వస్తుందిలే, దానికి పనిపడాలి కదా అనేవారు ఆంటీ.

రెండో కథ రాయడానికి నాకు చాలాకాలం పట్టింది. ట్యాంకర్ వెనకాల పరిగెత్తే బకెట్ కథ అది. రాసిందల్లా ఆంటీకి వినిపించడం, ఆవిడ తల అడ్డంగా ఊపడం, మళ్ళీ రాయడం. బహుమతి మాట నేనెప్పుడో మర్చిపోయాను. ఆ గదిలో, ఆ తలుపు తీసి ఉండగా, నెగ్గాలి. అంతే కావాలి నాకు.

పోయిన చలికాలానికి ఆవిడ ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి. బయట పొగ, బడులకు సెలవులు, ఇంట్లో ఆక్సిజన్ యంత్రం. అయినా కథ పూర్తయిందని చెప్పగానే పిల్లల్ని పిలిపించేశారు. అంకుల్ వద్దంటే వద్దన్నారు. ఆవిడ వినకపోతే, కనీసం పొగ రాకుండా తలుపైనా మూసేద్దామన్నారు. ముందుగదిలోనే మంచంమీద పడుకున్న ఆంటీ మోచేతిమీద లేచారు.

"తలుపు మూసీసి వినిపిస్తే పిల్లలు ఎలాగూ వింటారు. అప్పుడీ పిల్ల నెగ్గిందో లేదో దానికెలా తెలుస్తాది?"

ఆ పిల్ల అంటే నేనే. నా జుట్టు నెరుస్తోంది, అయినా ఆవిడకు నేను పిల్లనే. కళ్ళనీళ్ళు ఆపుకోలేకపోయాను. అంకుల్ తలుపు తీసి, ఆవిడకు శాలువా కప్పారు.

ఆవిడకు చదివే ఓపిక లేదు కాబట్టి నేనే చదివాను. అక్షరాలు అలికినట్టయ్యాయి. ప్రతి వాక్యానికీ ఆగి తలుపు వైపు చూశాను. బకెట్టు మొదటి మలుపు తిరిగేసరికి శ్రావ్య లేచి నిలబడింది. అయిపోయింది, అనుకున్నాను. అది తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"ఆంటీ, ఆప్ బహుత్ ధీరే పఢ్తీ హో" అని, నేను మరీ నెమ్మదిగా చదువుతున్నానని హిందీలో విసుక్కుని, నా చేతిలోంచి కాగితాల కట్ట లాక్కుని, బయటికి వెళ్ళిపోయింది. మిగతా పిల్లలందరూ బిలబిలమంటూ దాని వెనకాలే పోయారు. గది ఖాళీ.

నేను లేవబోయాను. ఆంటీ ష్ అన్నారు. మెట్లమీద నుంచి గొంతు వినబడింది. "బ... కె... ట్టు, బకెట్టు దూ... కిం... ది." శ్రావ్య గొంతు. తెలుగు! ఒత్తు దగ్గర తడబడి, కూడబలుక్కుని, మళ్ళీ మొదలుపెట్టి చదువుతోంది. నేను నెమ్మదిగా చదువుతున్నానన్న పిల్ల నాకన్నా ఎంతో నెమ్మదిగా చదువుతోంది. ఒక్కరూ విసుక్కోవడం లేదు.

ఆంటీ లేస్తానన్నారు. నేనో పక్క, అంకుల్ ఓ పక్క పట్టుకుని గుమ్మం దాకా నడిపించి కుర్చీ వేశాం. నవ్వు ఆపుకోలేక, ఊపిరి అందక, నా చెయ్యి గట్టిగా పట్టుకుని నెగ్గావే అన్నారు. కింది మెట్లమీద పిల్లలు ఒకరిమీద ఒకరు పడి, ఆ కాగితాల్లోకి తలలు దూర్చి ఉన్నారు. మేం ముగ్గురం గుమ్మంలో అలా చూస్తూ ఉండిపోయాం. ఒక్కరైనా తలెత్తి మావైపు చూడలేదు.