మా ఆయన శాంతికి నా గది

ధ్యానం చేసేవాళ్ళంటే నాకు గౌరవం లేదు. ఒకప్పుడు ఉండేది, మా ఆయన మొదలుపెట్టకముందు.

నగర్తపేటలో మా ఇల్లు ఒక లేసుల అంగడి పైన ఉంది. వంటిల్లు, నడవ, వీధివైపు ఒక గది, అంతే ఇల్లు. వెలుతురు సరిగ్గా పడేది ఆ గదిలోనే. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ నా కుట్టుమిషను ఆ కిటికీ కిందే ఉండేది. చుట్టుపక్కల వీధుల ఆడవాళ్ళంతా జాకెట్లు నా దగ్గరే కుట్టించుకునేవాళ్ళు, పెళ్ళి జాకెట్లయితే మరీను. ఈ పేటలో నన్ను ఫలానా ఆయన భార్య అని ఎవరూ అనరు, జాకెట్లక్క అంటారు. నేను సంపాదించుకున్నది ఆ పేరొక్కటే.

మా ఆయన బట్టల హోల్‌సేల్ అంగడిలో గుమాస్తా. ఓనరుతో రోజూ ఏదో ఒక గొడవ. డాక్టరు బీపీ చూసి టెన్షన్ తగ్గించుకోమన్నాడు. తోటి గుమాస్తా ఎవరో ధ్యానం క్లాసుకు తీసుకుపోయాడు. వారం తిరిగేసరికి ఇంట్లోకి ఒక చాప, అగరొత్తుల కట్ట, ఫోన్లో ఒక గురువు గొంతు వచ్చి చేరాయి. వాటికి చోటు కావాలి కదా.

“కిటికీ గదిలో గాలి బాగుండాది. మిషన్ని వంటింట్లో పెట్టుకో మే. స్వల్ప అడ్జస్ట్ చేసుకో” అన్నాడు.

“వంటింట్లో చీకటప్పా. పట్టుగుడ్డ మీద నూనె చుక్క పడితే ఎవురు జవాబు చెప్పేది?”

“నా ఆరోగ్యం కంటే గుడ్డ ఎక్కువా నీకు?”

మిషను స్టవ్ పక్కకి పోయింది.

పొద్దున్నే ఒకసారి కూర్చునేవాడు, అంగడి నుంచి వచ్చాక ఇంకోసారి. ఆ సేపంతా కుక్కర్ పెట్టకూడదు, మిక్సీ తిప్పకూడదు, మిషను తొక్కకూడదు. తలుపు మీది వెంటిలేటర్లోంచి వెలుగు పడుతుందని నడవలో లైటు కూడా వేయకూడదు. నా ఇంట్లో నేను పిల్లిలా నడిచేదాన్ని. దగ్గొస్తే కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. ఇంటికొచ్చిన చుట్టాలతో మాత్రం “మా ఇంట్లో ఎంత శాంతి ఉండాదో సూడండి” అని చెప్పుకునేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ శాంతి ఎవరు వండి వడ్డిస్తే వచ్చిందో ఆయనకు తట్టనే లేదు.

అప్పుడే పక్క వీధిలో ఒకావిడ కూతురి పెళ్ళి జాకెట్టు తెచ్చిచ్చింది. ఆ పిల్ల మొదటి పావడా జాకెట్టు నుంచి అన్నీ నా చేతి కుట్టే. గుడ్డ చీరతో కలిపి నేసింది, పాడైతే ఇంకోటి దొరకదు. అంచు ముక్కలు చిన్నవి కాబట్టి ఒక్కో చేతినీ విడిగా కత్తిరించాలి. చేతికి ముందు వంపు వేరు, వెనక వంపు వేరు. అందుకే రెండో చేతికి గుడ్డను తిరగేసి పరవాలి. ఇది నాకు నిద్రలో కూడా తెలుసు. కానీ పట్టుకు ఏది పైవైపో ఏది లోవైపో వెలుతురులోనే తెలుస్తుంది. ఆ పొద్దున ఆయన గదిలో కూర్చుని శ్వాస చూసుకుంటున్నాడు, నేను వంటింటి నూనెకు భయపడి నడవలో చీకట్లో గుడ్డ తడుముకుంటున్నాను. సాయంత్రానికి జాకెట్టు ఇవ్వాలి. ఇదే పైవైపనుకుని కత్తెర వేశాను. ఆయన లేచాక లైటు వేసి చూస్తే రెండూ ఎడమ చేతులే. తిరగేసి కుడదామంటే జరీ పోగులు పైకొస్తాయి.

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ముక్కలన్నీ మడిచి చీరలో పెట్టుకుని, “వయసయింది కదక్కా, ఇంక రెస్ట్ తీస్కో” అని మెల్లగా చెప్పి పోయింది. ఆ మాట పేటంతా పాకింది. కుట్టమని ఇచ్చిన గుడ్డల్ని ఒక్కొక్కరే వచ్చి, ఏదో సాకు చెప్పి, వెనక్కి తీసుకుపోయారు. జాకెట్లక్క అనే మనిషి నా కళ్ళ ముందే చచ్చిపోతోంది.

మా ఆయన అంతా విన్నాడు. “మనసు కుదురుగా ఉంటే ఇట్లాంటి తప్పులు రావు మే. నువ్వు కూడా నాతో కూర్చో” అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, జాలి ఉంది. ఆ జాలికే నాకు రక్తం ఉడికిపోయింది.

మర్నాడు పొద్దున ఆయన కళ్ళు మూసుకోగానే తలుపు తోసి మిషన్ని ఈడ్చుకొచ్చాను. ఇనుప కాళ్ళు గచ్చు మీద కీచుమన్నాయి. ఒకసారి కూర్చుంటే ఫోన్లో గంట మోగేదాకా కళ్ళు తెరవకూడదని వాళ్ళ నియమం. ఆయన రెప్పలు అదిరాయి గానీ తెరుచుకోలేదు. కిటికీ రెక్కలు బార్లా తీసి, మిషన్ని దాని కిందికి తోసి, ఎవరో వదులు చేయమని ఇచ్చి మరిచిపోయిన పాత జాకెట్టు తీసుకుని తొక్కడం మొదలుపెట్టాను. ఫోన్లో గురువు ఏ శబ్దం వచ్చినా రానివ్వమని చెబుతున్నాడు. ఇంకొంచెం గట్టిగా తొక్కాను. మా ఆయన మెడ మీద నరం లేచింది. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది, దాచుకోను.

గంట మోగింది. ఆయన మిషన్ని చూశాడు, నన్ను చూశాడు. చాప చుట్టి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

“ఇంక నేను యాడ కూర్చోవల్ల?”

“వంటింట్లో చోటుండాది” అని చెప్పి దారం తెంపాను.