బదరీలో పట్టిన తెర

ఆ రోజుల్లో తిరుపతిలో ఫోటో అంటే ముందు తెర, తర్వాతే మనిషి. అలిపిరి దారిలో ఉన్న మా మేనమామ స్టూడియోలో, రంగులతో గీసిన తిరుమల కొండ తెర ఒకటి వేలాడుతుండేది. కొండ దిగొచ్చిన కొత్త గుండ్లన్నీ దాని ముందు నిలబడాల్సిందే. ఎనిమిదో తరగతిలోనే బడికి దండం పెట్టేసిన నేను (బడి కూడా నాకు తిరిగి దండం పెట్టిందనుకోండి) గుండు తళుక్కుమనకుండా ఫోటో తీయడంలో ఆరితేరి, ఇక నాకు రాని విద్య లేదనుకుంటున్న కాలమది. అప్పుడే చిత్తూరు వ్యాపారస్తులు కొందరు కుటుంబాలతో బస్సు మాట్లాడుకుని బదరీ యాత్రకు బయలుదేరారు. ఫోటోలు తీయడానికి నన్ను పంపుతూ మామ ఒకే మాట చెప్పాడు.

"ఒరే, ఫోటోలు బాగొస్తే ఈ కెమెరా నీదే. చెడగొట్టినావో, పలమనేరు పోయి మీ నాయన ఎనుముల పాలు పిండుకో."

కెమెరాతోపాటు తెర కూడా చుట్టి బస్సు మీద వేయించాను. తెర లేకుండా ఫోటో తీసే ఖర్మ నాకేం? ఇక దారి పొడవునా లోయలూ అడవులూ ఉన్నాయట. మలుపు వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకుని గోవిందా అంటూ కూర్చున్నాను కాబట్టి వాటి గురించి అంతకన్నా రాయలేను.

బదరీలో గుడి కింద వేడినీళ్ళ గుండం. బయట చలి కొరికేస్తుంటే, గుండంలోంచి అన్నం గిన్నె మూత తీసినట్టు ఒకటే ఆవిరి. మావాళ్ళంతా స్నానాలు చేసి, స్వెట్టర్లు, మంకీ క్యాపులు తొడుక్కుని వరసగా నిలబడ్డారు. అందరిలోకీ పెద్దావిడ శెట్టెమ్మ వెనక్కి తిరిగి చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"ఏమబ్బా, మా ఎనకాల మొగోళ్ళంతా తడి గోచీలతో మునుగుతా ఉండారే! ఈ ఫోటో ఇంట్లో యాడ తగిలించేది?"

"నేనుండాను కదమ్మా! రవ్వంత ఆగు."

బస్సులో మాతో వచ్చిన వంటవాళ్ళిద్దరి చేత వాళ్ళ వెనక తెర పట్టించాను. గోచీలు మాయం, ఆవిరి మాయం. రీలంతా హాయిగా తీసేశాను.

ఊరొచ్చాక ఫోటోల కోసం శెట్టెమ్మ స్టూడియోకు వచ్చింది. ఫోటో వంక ఒకసారి, గోడ మీది తెర వంక ఒకసారి చూసింది.

"అంత దూరం పోయి అలిపిరిలో దిగినట్టుండాదే! మా వీధోళ్ళు నమ్ముతారా?"

"ఎందుకు నమ్మరమ్మా? అలిపిరిలో మంకీ క్యాపు ఎవురు పెట్టుకుంటారు, సూడు!" అన్నాను.

మామ నా మెడలోంచి కెమెరా తీసుకున్నాడు. "పలమనేరు బస్సు యాడ నిలబడతాదో తెలుసు కదా?"

పాలు పిండుతూ కొన్నాళ్ళు మామను తిట్టుకున్నాను. ఇప్పుడు గుర్తొచ్చి నవ్వు తెప్పించేది మాత్రం వేరే. ఆ రోజు రీలు అయిపోయి తెర చుట్టేస్తుంటే, దాని వెనక మంచుకొండ ఎండకు మెరుస్తూ ఆకాశమంత ఎత్తున నిలబడి ఉంది. ఖాళీ కెమెరా పట్టుకుని నోరు తెరుచుకుని చాలాసేపు చూశాను. చివరికి పక్కనున్న వంటవాడితో ఎంతో పెద్దమనసుతో అన్నాను:

"పరవాలేదన్నా, ఈడోళ్ళు కూడా బాగానే గీసినారు."