వసపిట్ట కొలతలు

టేపక్క అసలు పేరేమిటో చర్చిలో సగం మందికి తెలియదు. మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుంటుంది కాబట్టి టేపక్క. భర్తను సమాధి చేసిన రోజున కూడా అది మెడలోనే ఉండిపోయింది. మట్టి వేయడానికి వంగినప్పుడు గానీ ఆమె చూసుకోలేదు. ఆ ఏడాదే సంఘపెద్ద పూనుకొని, చర్చి వెనక ఖాళీగా పడున్న గదిని ఆమె కుట్టుపనికి ఇప్పించాడు. పదకొండేళ్లుగా అదే దుకాణం, అదే లోకం. ఒక కిటికీ, ఒక తలుపు, కాలితో తొక్కే మిషను, గోడకు వరుసగా పద్దెనిమిది తెల్ల గౌన్లు.

ఆ గౌన్లు పిల్లల పాటబృందానివి. ఏటా పిల్లల ఆదివారానికి ముందు శుక్రవారం పిల్లలందరూ వచ్చి నిలబడతారు. టేపక్క కొలతలు తీసి నోటుబుక్కులో రాసుకుని, పాత గౌన్లనే విప్పి, పొడుగు చేసి, వదులు చేసి సిద్ధం చేస్తుంది. పిల్లలన్నాక పెరుగుతారు కదా, అందుకని లోపల ఎప్పుడూ రెండంగుళాల గుడ్డ మడిచి ఉంచుతుంది. అయినా ఎవరో ఒక తల్లి బిగుతైందని ఫిర్యాదు మోసుకొస్తుంది. "మీ పిల్ల ఒళ్లు చేసిందని సంతోషించక నా మీద పడతారేంటమ్మా!" అని టేపక్క గయ్యిమంటుంది. మనసు మంచిదే గానీ, ఆ నోరు ఊరుకునే రకం కాదు.

అలాంటి మనిషి కూడా ఒక ఏడాది ఒకచోట నోరు మూసుకుంది. ఈ కథ దాని గురించే.

ఆ మరుసటి ఏడాది కొలతల శుక్రవారం వరుసలో చివర నిలబడింది వసపిట్ట. తొమ్మిదేళ్ల పిల్ల. తల్లి పోయాక పెద్దమ్మ ఇంటికి వచ్చింది. ఆ పెద్దమ్మ భర్తే సంఘపెద్ద. వచ్చిన కొత్తలో వస పోసిన పిట్టలా ఆగకుండా వాగేది కాబట్టి ఆ పేరు టేపక్కే పెట్టింది. ఇప్పుడేమో పిలిస్తే గానీ పలకడం లేదు.

"చేతులెత్తమ్మా."

పిల్ల ఎత్తింది. టేపక్క నడుము చుట్టూ టేపు తిప్పి చూసింది. పందొమ్మిది. మెలిక పడిందేమోనని మళ్లీ తిప్పింది. పందొమ్మిదే. నోటుబుక్కు వెనక్కి తిప్పింది. రెండేళ్ల కిందట ఇరవై ఒకటి. నిరుడు ఇరవై. పొడుగేమో ఏటా ఎంతో కొంత పెరుగుతూనే ఉంది.

ఇరవై ఏడేళ్ల పనిలో ఆమె ఇలాంటి లెక్క చూడలేదు. నిరుడు ఇరవై వచ్చినప్పుడు, అంతకుముందు తనే తప్పు రాసి ఉంటుందని సరిపెట్టుకుంది. గౌను వదులైతే బాగోదని పక్క కుట్లు లోపలికి తీసి బిగించింది. ఎంత చక్కగా బిగించిందంటే, పిల్ల వేదిక మీద నిలబడితే ఎవరికీ ఏ తేడా కనబడలేదు. "పనితనమంటే నీదే అక్కా" అని మెచ్చుకున్నారు కూడా. ఆ మెచ్చుకోలు గుర్తొచ్చినా, ఈసారి పందొమ్మిది అనే రాయడానికి పెన్ను తీసింది.

"తక్కువ రాయొద్దక్కా. పెద్దమ్మ తిడుతుంది," అంది వసపిట్ట.

"ఇంట్లో నీకు సరిగ్గా తిండి పెడుతున్నారా తల్లీ?"

"పనయ్యాక పెడతారు. నేనే మెల్లిగా చేస్తాను. అందుకని ఒక్కోసారి అవ్వదు."

ఎవరి మీదా చాడీ చెబుతున్నట్టు లేదు, తన తప్పు తను ఒప్పుకుంటున్నట్టుంది. టేపక్క ఆ చేతులు పట్టుకుని తిప్పి చూసింది. వేళ్ల సందుల్లో చర్మం సబ్బునీళ్లకు నాని, పగిలి, ఎర్రగా ఉంది.

"బడికి వెళ్తున్నావా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది. "నా గౌను గురించి ఎక్కువ కష్టపడకక్కా. ఆదివారం పాటైపోయాక నన్ను తీసుకెళ్లిపోతారు. ఒకావిడ వస్తుందంట. వాళ్లింట్లో పసిపాప ఉందంట, ఎత్తుకోవాలంట. దూరమంట. ఎవరికీ చెప్పొద్దన్నారు పెదనాన్న." అనేసి, గబుక్కున నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

ఈ పెదనాన్న చర్చిలో పిల్లల సంరక్షణ కమిటీకి అధ్యక్షుడు. కంచే చేను మేస్తే ఇంక చెప్పుకునేదెవరికి?

శనివారం పొద్దున్నే టేపక్క నోటుబుక్కు చంకలో పెట్టుకుని పాస్టరుగారి దగ్గరికి వెళ్లింది. ఆయన చిన్నవాడు, వచ్చి రెండేళ్లే అయింది. కుర్చీ జరిపితే చప్పుడవుతుందేమోనని భయపడే మెత్తని మనిషి. మూడేళ్ల కొలతలూ చూశారు, పిల్ల చెప్పిన మాటలు విన్నారు. నోటుబుక్కు మెల్లిగా మూశారు.

"అక్కా, ఆయన మీద అంత మాట అన్నామంటే సంఘం రెండుగా చీలిపోతుంది. తొందరపడొద్దు. ముందు ప్రార్థన చేద్దాం."

"చేద్దామండీ, నేను వద్దన్నానా? మోకాళ్ల మీదున్నప్పుడు ఫోను పట్టుకోకూడదని మాత్రం ఎక్కడా రాసి లేదు కదా."

"నాకు కొంచెం టైమివ్వండి."

"నా దగ్గరుంటే ఇచ్చేదాన్నే. పిల్లకి రేపటిదాకానే ఉంది," అని వచ్చేసింది.

పిల్లి మెడలో గంట కట్టే పని చివరికి ఎలుకకే పడుతుంది మరి. హాలు గుమ్మం పక్కన ఒక బోర్డుంది: ఆపదలో ఉన్న పిల్లల కోసం ఈ నంబరుకు ఫోను చేయండి. సంఘపెద్ద స్వయంగా మేకు కొట్టి, దాని పక్కన నిలబడి ఫోటో దిగిన బోర్డు. టేపక్క అక్కడే నిలబడి ఆ నంబరు నొక్కింది. అవతల ఒక అధికారిణి అన్నీ ఓపిగ్గా రాసుకుంది.

"మా వాళ్లు ఇవాళ వేరేచోట ఉన్నారమ్మా. రేపు పన్నెండున్నరకి చర్చి దగ్గరికే వస్తాం. అంతదాకా పిల్ల అక్కణ్ణించి కదలకుండా చూడగలరా?"

"చూస్తాను," అంది టేపక్క. ఎలా చూస్తుందో ఆమెకే తెలియదు. ఆరాధన పదకొండున్నరకి అయిపోతుంది. గంటసేపు ఆపాలి. ఆపలేకపోతే పిల్ల ఎక్కడికి పోయిందో కూడా తెలియదు. ఆమెకు భయం వేయలేదంటే అబద్ధం. ఆ రోజు సూదిలో దారం ఎక్కించడానికి నాలుగుసార్లు పట్టింది. ఎక్కించాక మాత్రం ఒక పని చేసింది. వసపిట్ట గౌనుకు నిరుడు తను వేసిన బిగింపు కుట్లన్నీ ఒక్కటి మిగలకుండా విప్పేసింది.

ఆదివారం పద్దెనిమిది మందీ వేదిక మీద నిలబడ్డారు. పదిహేడు గౌన్లు చక్కగా ఒంటికి అమరాయి. పద్దెనిమిదోది కొయ్యకు తగిలించినట్టు వేలాడుతోంది. మూడో వరుసలో కూర్చున్న ముసలి నర్సమ్మ, ఒకప్పుడు ఆసుపత్రిలో నర్సుగా చేసిన మనిషి, కళ్లజోడు సవరించుకుని ఆ పిల్లనే చూస్తోంది. టేపక్క ఎదురుచూసింది ఆ చూపు కోసమే.

పాటయ్యాక పాస్టరుగారు ఏటా అడిగే ప్రశ్నలు అడిగారు. "ఈ పిల్లలు ఎవరి పిల్లలు?"

సంఘమంతా లేచి నిలబడింది. "మా పిల్లలు!"

"వీళ్ల కోసం ఎవరు నిలబడతారు?" ఈ రెండో ప్రశ్నకు ఆయన గొంతు వణికింది. పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

"మేం నిలబడతాం!" అందరికంటే గట్టిగా వినబడింది ముందు వరుసలో సంఘపెద్ద గొంతే.

పదకొండు ముప్పై అయిదుకి పిల్లలు గౌన్లు మార్చుకోవడానికి కుట్టుగదికి వచ్చారు. ఒక్కొక్కరు తమ బట్టలు వేసుకుని వెళ్లిపోయారు. వసపిట్ట మిగిలింది. టేపక్క తలుపు గడియ పెట్టింది.

"నా బట్టలేవక్కా?"

"మిషను నూనె ఒలికింది తల్లీ. నానబెట్టాను." మూల బకెట్లో పిల్ల బట్టలు నిజంగానే మునిగి ఉన్నాయి. నూనె దానంతటది ఒలకలేదని వేరే చెప్పాలా?

పదకొండు యాభైకి తలుపు చప్పుడైంది. "ఇంకా ఎంతసేపు? పిల్లని పంపు," అన్నాడు సంఘపెద్ద.

"బట్టలు తడిగా ఉన్నాయండీ. ఆరగానే పంపిస్తాను."

"పర్లేదు, గౌనుతోనే పంపు."

"గౌను గేటు దాటకూడదని కమిటీ నియమం కదండీ. కింద సంతకం మీదే."

 తర్వాత పెద్దమ్మ గొంతు వినిపించింది. "ఏమే, బయటికి రా! ఆవిడ కారు దగ్గర ఎదురుచూస్తోంది." వసపిట్ట ఒక్కసారిగా తలుపు వైపు కదిలింది. పిలిస్తే పరిగెత్తడం అలవాటైన కాళ్లవి. టేపక్క భుజం పట్టుకుని ఆపింది.

తాళంచెవి తిరిగిన చప్పుడు. సంఘపెద్ద దగ్గర అన్ని గదుల తాళాలూ ఉంటాయి. లోపలి గడియ అడ్డుపడింది. టేపక్క మిషనును ఈడ్చుకెళ్లి తలుపుకు ఆనించింది. గోడ గడియారం పన్నెండూ అయిదు.

"టేపక్కా! ఈ గది నీకెవరు ఇప్పించారో గుర్తుందా?"

"గుర్తుందండీ. ఆ ఒక్క విశ్వాసంతోనే నిరుడు నోరు మూసుకున్నాను."

"ఏం కూస్తున్నావ్? తలుపు తీస్తావా, పగలగొట్టమంటావా?"

వసపిట్ట ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని లాగింది. "నన్ను పంపించెయ్యక్కా. నీ గది తీసేసుకుంటారు."

"తీసుకోనీవే. నేను బట్టలు కుట్టేది మనుషులకి, గోడలకి కాదు," అంది టేపక్క. తలుపు మీద భుజంతో గుద్దిన చప్పుడైంది. మిషను అంగుళం వెనక్కి జరిగింది. మళ్లీ గుద్దారు. గడియ మేకు ఒకటి ఊడి కింద పడింది. టేపక్క మిషనుకు వీపు ఆనించి, కాళ్లు నేలకు తన్నిపెట్టి, దేవుడా దేవుడా అనుకుంటూ నిలబడింది.

అప్పుడు ఇంకో గొంతు వినిపించింది. పాస్టరుగారిది. "అయ్యా, ఆగండి."

ఆయన ఏ పక్క మాట్లాడతారో టేపక్కకు తెలియదు. 

"మీరు పక్కకు తప్పుకోండి. ఇది మా ఇంటి విషయం," అన్నాడు సంఘపెద్ద.

"ఇందాక మనమందరం జవాబు చెప్పాం కదండీ. ప్రశ్న అడిగింది నేనే. ఇంక పక్కకు తప్పుకోలేను." ఆ మెత్తని గొంతు వణుకుతూనే ఉంది, కానీ ఆగలేదు. "పిల్ల ఎక్కడికి వెళ్తోందో, ఎవరింటికో, ఇక్కడ అందరి ముందూ చెప్పండి. తలుపు నేనే తీయిస్తాను."

 టేపక్క కిటికీ రెక్క కాస్త తెరిచి చూసింది. జనం పోగయ్యారు. నర్సమ్మ కర్ర ఊతంతో వచ్చి, సరిగ్గా గుమ్మం ముందు మెట్టు మీద చతికిలబడింది.

"లేవండమ్మా, దారికడ్డం," అన్నాడు సంఘపెద్ద.

"కూర్చోవడమే నా చేతుల్లో ఉంది నాయనా. లేవాలంటే ఇద్దరు పట్టుకోవాలి," అంది నర్సమ్మ. "ముప్పై ఏళ్లు పిల్లల వార్డులో చేశాను. ఆ గౌనులో ఆ పిల్ల ఎలా ఉందో చూశాక నేనింక లేవను."

ఆమె పక్కన ఇంకొకామె కూర్చుంది. ఆమె పక్కన ఒక తాత. తర్వాత ఇద్దరు పాటబృందం తల్లులు. అందరూ కూర్చోలేదు, అబద్ధమెందుకు? చాలామంది దూరంగా నిలబడి చోద్యం చూశారు, కొందరు జారుకున్నారు. కానీ మెట్లు మాత్రం నిండిపోయాయి. గేటు దగ్గర కారు స్టార్టయి, ఆ పరాయి ఆవిడను ఎక్కించుకుని వెళ్లిపోయింది.

పన్నెండు నలభైకి అధికారిణి వచ్చింది. నర్సమ్మను పక్కన కూర్చోబెట్టుకుని పిల్లతో విడిగా చాలాసేపు మాట్లాడింది. తర్వాత నోటుబుక్కు చేతిలోకి తీసుకుంది.

"ఈ కొలతలు మీరే రాశారా?"

"నేనేనండీ. ఇంకోటి కూడా రాసుకోండి. నిరుడు ఇరవై వచ్చినప్పుడు నేను గౌను బిగించి ఊరుకున్నాను. తెలియక చేసిందని రాయకండి. కాస్త తెలిసింది. పెద్దింటి గొడవ నాకెందుకులే అనుకున్నాను." అక్కడిదాకా గట్టిగా ఉన్న మనిషి, అది చెప్పాక మొహం కొంగులో దాచుకుని ఏడ్చింది.

పిల్ల బట్టలింకా బకెట్లోనే ఉన్నాయి. అందుకని వసపిట్ట తెల్ల గౌనుతోనే అధికారిణి బండెక్కింది. కమిటీ నియమం ఆ రోజు తప్పింది.

తర్వాత విచారణ జరిగింది. సంఘపెద్దకు పదవి పోయింది. ఆయనతో పాటు నాలుగు కుటుంబాలు చర్చి మానేశాయి. ఇంటి గుట్టు వీధిలో పెట్టిందని కొందరు టేపక్కకు బట్టలివ్వడం మానేశారు. గదికి తాళం పడి, మూడు నెలలు పాస్టరుగారి వరండాలో మిషను తొక్కింది. అవన్నీ ఆమె తట్టుకుంది. పిల్ల సంగతి తెలియకపోవడమే తట్టుకోలేకపోయింది. పిల్లల గృహం నుంచి ఒక కుటుంబానికి పెంచుకోవడానికి అప్పగించారన్నారు. ఎవరో, ఎక్కడో చెప్పకూడదట. మంచివాళ్లేనా? అన్నం వేళకు పెడుతున్నారా? రోజూ అదే దిగులు. పది నెలలు గడిచాయి.

ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. కొత్త ఆడగొంతు.

"తెల్ల గౌను కుట్టింది మీరేనాండీ? మేం అడిగితే అధికారిణిగారే మీ నంబరిచ్చారు. మా పాప అదే వేసుకుంటానని పేచీ. నడుం దగ్గర అస్సలు పట్టడం లేదు. బాగా బిగుతైపోయింది. లోపల గుడ్డేమైనా ఉందా?"

వెనక నుంచి ఒక గొంతు ఆగకుండా వినబడుతోంది: "టేపక్కేనా? టేపక్కేనా? నాకు పన్ను ఊడిందని చెప్పు. నేను బడిలో రెండో బెంచీ అని చెప్పు. ఇటివ్వు, నేను చెప్తా, ఇటివ్వు..."

బిగుతైందన్న ఫిర్యాదుకు టేపక్క జీవితంలో మొదటిసారి గయ్యిమనలేదు. "ఉందమ్మా, రెండంగుళాలుంది," అంటూ నోటుబుక్కు తెరిచింది. "నడుము కొలత చెప్పండి."

"ఇరవై మూడు."

టేపక్క పందొమ్మిది కింద ఇరవై మూడు వేసింది. అంకె మీద నీటిచుక్క పడితే కొంగుతో అద్దింది.

"టేపు మెలిక పడిందేమో. ఇంకోసారి కొలిచి చెప్పండమ్మా," అంది.

"ఇరవై మూడేనండీ."