మాస్టారి చంద్రుడు ఎందుకు కుంటాడంటే

జగ్గయ్యపేటలో మా సైన్సు మాస్టారు పోయారని మొన్న ఆదివారం పొద్దున ఫోనొచ్చింది. ఆయన గురించి మంచి మాటలు చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను మాత్రం నేను చేసిన ఒక వెధవ పని గురించి చెప్పాలి.

బళ్ళో ఆయన దగ్గరే చదువుకున్నాను. రెండువేల మూడు, నాలుగు ప్రాంతంలో నేను నందిగామలో కంప్యూటర్ సెంటర్ పెడితే, ఆయనే నేర్చుకోవడానికి సాయంత్రాలు బస్సెక్కి వచ్చేవారు. చేతులకంటిన సుద్దపొడి తుడుచుకుంటే గానీ మౌస్ ముట్టుకునేవారు కాదు. గుమ్మం బయట నన్ను "ఒరేయ్" అనేవారు. లోపలికొస్తే "మాస్టారూ, ఇదెలా చెయ్యాలండీ?" అనేవారు. అలా పిలవొద్దంటే, "నేర్పేవాడు ఎంత చిన్నోడైనా గురువేనండీ" అనేవారు.

ఆయన తాపత్రయమంతా సూర్యగ్రహణం పాఠం మీదే. సుద్దముక్కతో గీస్తే చంద్రుడు కదలడు కదా. స్లైడులో నల్లటి చంద్రుడు మెల్లగా జరిగి సూర్యుణ్ణి మూసెయ్యాలి. "మధ్యలో ఆగకూడదండీ. ఆగితే పిల్లలకి అది బొమ్మని తెలిసిపోద్ది" అనేవారు. దానికోసం ఇరవై రోజులు కూర్చున్నారు.

నందిగామలో టీచర్ల ప్రదర్శన పెట్టారు. పాఠం బాగా నచ్చితే ఆ బడికి ఒక కంప్యూటర్ ఇస్తామన్నారు. అక్కడ పెట్టిన మిషనూ ప్రొజెక్టరూ నావే. పొద్దున్నే మా సెంటర్ ప్రకటన వేసి చూస్తే తెర మిణుకుమిణుకుమంది. స్లైడ్ షో సెట్టింగుల్లో గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ అని ఒక గడి ఉంటుంది. అందులో టిక్ ఉంటే బొమ్మల్ని కదిలించే పని గ్రాఫిక్స్ కార్డు చూసుకుంటుంది, లేకపోతే బొమ్మలు ఆగి ఆగి కదుల్తాయి. ఆ టిక్ తీసేశాను, మిణుకు పోయింది. నా ప్రకటనలో కదిలే బొమ్మలేం లేవు కాబట్టి బాగానే నడిచింది. మళ్ళీ టిక్ పెట్టడం మర్చిపోయాను.

మాస్టారి వంతు వచ్చింది. చంద్రుడు కదిలాడు, ఆగాడు, ఎగిరి ఇంకోచోట పడ్డాడు.

"మీ చంద్రుడికి కాలు బెణికిందా మాస్టారూ?" అన్నారెవరో. హాలంతా నవ్వారు.

మొదటి కుదుపుకే నాకు అర్థమైంది. లేచి టిక్ పెట్టడం అర నిమిషం పని. కానీ ముందు వరసలో హెడ్‌మాస్టర్లున్నారు. తప్పు నాదని తెలిస్తే మా సెంటర్‌కి పిల్లల్ని పంపరేమోనని, వెనక వరసలో తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయాను.

ఆయన నా వైపు ఒకసారి చూశారు. "మా మాస్టారు బాగానే నేర్పారండీ. నేనే బొమ్మ బరువు చేశాను" అని పాఠం సగంలో ఆపేశారు.

కంప్యూటర్ వేరే బడికి పోయింది. బస్టాండు దాకా ఆయనతో నడిచాను. అప్పుడైనా చెప్పొచ్చు, చెప్పలేదు. "నువ్వెందుకురా దిగులుపడతావ్? ఈసారి చిన్న చంద్రుణ్ణి పెడతాలే" అని ఆయనే నన్ను ఓదార్చి బస్సెక్కారు. మళ్ళీ మా సెంటర్‌కి రాలేదు. రిటైరయ్యేదాకా గ్రహణం పాఠం సుద్దముక్కతోనే చెప్పారట.

మొన్న పలకరించడానికి వెళ్తే వాళ్ళావిడ ఒక సీడీ చేతిలో పెట్టారు. "ఇది నీకివ్వాలని దాచారు బాబూ" అన్నారు.

ఇంటికొచ్చి పాత మిషన్లో వేశాను. ముందు ఆ టిక్ ఉందో లేదో చూసుకున్నాను. చంద్రుడు ఎక్కడా ఆగలేదు. మెల్లగా జరిగి, సూర్యుణ్ణి మూసి, అవతలికి వెళ్ళిపోయాడు. తర్వాత, ఆ రోజు మేమెవరం చూడని చివరి స్లైడు వచ్చింది. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు ఒక్కొక్కటే వచ్చి నిలబడ్డాయి.

"ఇది నాకు నేర్పింది మా మాస్టారు. వెనకెక్కడో కూర్చుని ఉంటారు. ఒక్కసారి లేచి నిలబడమని కోరుతున్నాను."