దుబాయ్ పోయే కుక్కకు పెట్టె

దుబాయ్‌లో నర్సుగా చేరిన మా చెల్లె, లింబాయత్ బస్తీలో మా మరమగ్గాల కింద పెరిగిన కుక్కను తన దగ్గరికి పంపమంది. మెడ దగ్గర చిప్పు, రేబిస్ టీకా, రక్త పరీక్ష, రెండు దేశాల అనుమతి పత్రాలు, ఆపైన విమానం కిరాయి.

"నాకే పాస్‌పోర్టు లేదు, దీనికి గిన్ని కాగితాలా?" అంటూనే అమ్మ దాని ముందు రొట్టె పెట్టింది.

పెట్టె పని నేను తీసుకున్నాను. లోపల నిలబడితే కుక్క చెవులు కూడా పైకప్పుకు తగలకూడదని నియమం. మగ్గాలు నడుస్తుండగానే కొలతలు తీసి వడ్రంగికిచ్చాను. పెట్టె వచ్చాక కుక్కను అందులో నిలబెడితే సరిగ్గా సరిపోయింది. అంతలో కరెంటు పోయి మగ్గాలన్నీ ఆగాయి. మగ్గాల చప్పుడుకు ఎప్పుడూ వెనక్కి అణిగి ఉండే చెవులు మెల్లగా లేచి పైకప్పుకు తగిలాయి.

"గింత పెద్ద చెవులు ఇన్నొద్దులు యాడ దాచినవ్‌రా?" అంది అమ్మ.

పెట్టె పెరిగితే కిరాయి పెరుగుతుంది. అయినా నాకు నవ్వు ఆగలేదు. ఇంకో పెద్ద పెట్టె చేయించే పంపాం.

ఇప్పుడు దుబాయ్ నుంచి ఫోటో వస్తే అమ్మ మొదట ఆ నిలబడ్డ చెవులనే చూస్తుంది, తర్వాతే చెల్లె ముఖం.