మా మేనత్త నేర్చిన ఇంగ్లీషు మాట

మొన్న మోకాళ్ల నొప్పులని వెళితే, మా పిల్లల ఈడు డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్ము వెలుతురులో పెట్టి చూసి, "ఇది క్రానిక్ అండీ" అంది. నేను పకపకా నవ్వేశాను. పాపం, ఆ పిల్ల కంగారుపడింది.

ఆ మాటతో నా పెళ్లి తప్పిపోబోయింది మరి. తొంభైల్లో సంగతి. కొత్తపేటలో మా ఇంట్లోనే ఉండే మేనత్తకి ఆయాసం. అమలాపురం డాక్టరుగారు దాన్ని క్రానిక్ అన్నారట. అంటే ఏమిటని అడిగితే, "చాలాకాలంగా ఉన్నదండీ" అని చెప్పారట. జబ్బు సంగతెలా ఉన్నా మాట మాత్రం అత్తయ్యకి తెగ నచ్చింది. ఆ రోజు నుంచి పెరట్లో పనసచెట్టు క్రానిక్, ఎదురింటివాళ్లతో స్నేహం క్రానిక్. ఇంట్లో ఎవరమూ దిద్దలేదు. వినడానికి సరదాగా ఉండేది.

రాజోలు వైపు నుంచి నన్ను చూసుకోవడానికి వచ్చారు. పెళ్లికొడుకు తండ్రి హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు. అబ్బాయి పూతరేకు కొరికి, మీసాలకంటిన పంచదార పొడి దులుపుకుంటూ నా వైపు చూసి నవ్వాడు. నాకు అప్పుడే నచ్చేశాడు గానీ, అడిగినవాటికి నోరు పెగిలితేనా! వాళ్లమ్మగారు, "అమ్మాయికి ఒంట్లో బాగోలేదాండీ?" అన్నారు.

"ఆయ్, అబ్బే, బాగానే ఉందండీ. మా పిల్లకి చిన్నప్పట్నుంచీ క్రానిక్ అండీ" అంది అత్తయ్య మురిసిపోతూ. సిగ్గు అన్న మాట ఆవిడ మనసులోనే ఉండిపోయింది.

మాస్టారు కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. కబురు చేస్తామని మర్యాదగా చెప్పి వెళ్లిపోయారు. నాలుగు రోజులకి మధ్యవర్తి వచ్చి, "పిల్లకేదో తగ్గని జబ్బుందంట కదండీ" అన్నాడు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. అత్తయ్య ఆ పూట అన్నం ముట్టలేదు. తెల్లారగానే ఆయాసపడుతూనే బస్సెక్కి, రేవు దాటి, ఒక్కతే రాజోలు వెళ్లిపోయింది.

అక్కడ జరిగింది తరవాత మా మామగారే చెప్పేవారు. వీధరుగు మీద నిలబడి, "మా పిల్లకి రోగం లేదండీ, సిగ్గండీ. మాట నేనే తప్పు చెప్పేను" అందట. ఆయన లోపలికి పిలిచి, మంచినీళ్లిచ్చి, "అక్కయ్యగారూ, ఆ మాట వదలని జబ్బులకీ, తీరని ఇబ్బందులకీ వాడతారండీ. మంచివాటికి వాడరు" అన్నారట.

"మంచివి కూడా చాలాకాలం ఉంటాయి కదండీ. వాటినేమంటారు?"

"స్నేహం లాంటివాటిని లాంగ్ స్టాండింగ్ అంటారండీ."

"అదేంటండీ, అంతకాలమూ నిలబడే ఉండాలా? కూర్చోకూడదా?"

గది లోపల నుంచి మా అత్తగారి నవ్వు వినిపించిందట. ఆ మధ్యాహ్నం అత్తయ్యకి అక్కడే భోజనం పెట్టి, ముహూర్తాల మాట కూడా ఎత్తారు.

పెళ్లయిన ఏడాదికే నా సిగ్గు ఎటు పోయిందో పోయింది. ఇప్పుడు మా ఇంట్లో నోరు విప్పనిది మా ఆయనే. అత్తయ్య పోయి చాలా ఏళ్లయింది. ఏవి ఉండిపోతాయో, ఏవి పోతాయో మనమే తేల్చేసినట్టు మాట్లాడుతుంటాం గానీ, కాలం ఎప్పుడూ మనల్ని అడిగి ఏదీ ఉంచలేదు, అడిగి ఏదీ తీసుకుపోలేదు.